చాకునకు పండ్లు వలయునా?

చాకు కొనువారు పలువురు పిడి రంగును, మెరుగును చూతురు. చూడవలసినది వాదర. అది రెండు విధములు: నున్ననిది, పండ్లు గలది. వీనిలో నేది మేలో కోయవలసిన వస్తువే నిర్ణయించును.

ఈ భేదము మనకు క్రొత్తది కాదు. వరి కోయు కక్కు కొడవలికి పండ్లుండును. కూరలు తరుగు కత్తిపీటకు ఉండవు. వరిదంటు నున్నగా నుండి జారును గనుక కక్కు దానిని పట్టి నిలుపును. మెత్తని వంకాయకు ఆ పట్టుతో పనిలేదు.

దీనికి కారణము భౌతికశాస్త్రమున కలదు. బలమును వైశాల్యముచే భాగించిన వచ్చునది పీడనము. పండ్లుగల వాదర తొలుత కొనలతోనే వస్తువును తాకును. తాకు చోటు స్వల్పము గనుక అదే బలమునకు పీడనము హెచ్చును. కొనలు దిగిన పిమ్మట నడిమి గుంటలు నారను పట్టి కోయును. అందుచే త్రాళ్ళకు, గట్టి తోలునకు, రొట్టెకు ఈ వాదర తగును. గుంటలలోని పదును పలకకు తగలదు. కావున చాలకాలము నిలుచును.

నున్నని వాదర చేయి తలచినచోట ఆగును. కోత శుభ్రముగ వచ్చును. పెన్సిలు చెక్కుటకు, పండు తొక్క తీయుటకు, కొయ్యబొమ్మ మలచుటకు ఇదియే తగినది. పండ్ల చాకుతో చెక్కినచో కొయ్య చిట్లును.

సానపట్టుటలో భేదము మరింత పెద్దది. నున్నని వాదరకు ఇంటనున్న సానరాయి చాలును. పండ్ల వాదరకు గుంటలో నిముడు సన్నని గుండ్రని సానకడ్డీ కావలయును. ఒక్కొక్క గుంటను వేరువేరుగ దిద్దవలయును. చదును రాతిపై రుద్దినచో కొనలు అరిగిపోవును.

రెండును కలిసిన చాకులును కలవు. స్విట్జర్లాండు సైనికుల 1961 నాటి చాకున వాదర నున్ననిది; 2008లో వచ్చిన చాకున కొంతభాగము పండ్లుగలది. ఐనను చిన్న చాకున ఇట్లు చేసినచో రెండు భాగములును పొట్టివగును.

కావున విద్యార్థికి నున్నని వాదరయే మేలు. పశువుల పలుపులతోను, పడవ త్రాళ్ళతోను పనిగలవారికి పండ్లుగలది మేలు. పలుపు మెడకు బిగిసిన ఎద్దును విడిపింప వలసినపుడు, తడిసిన త్రాటిపై మొద్దు చాకు జారి చేతినే కోయును. పదునులేని చాకును గట్టిగా నొత్తవలసి వచ్చుటయే ఆ యపాయమునకు మూలము. కనుక ఏ వాదర నెన్నుకొన్నను దాని పదును కాపాడుడు. శరీరమునకు ఎడముగ కోయుడు. పని తీరినంతనే తుడిచి మడువుడు.