రామేశ్వరానికి రైలా? రోడ్డా?

తమిళనాడులోని పాంబన్ దీవిలో వెలసిన రామేశ్వరానికి విమానాశ్రయం లేదు. విమానంలో వచ్చేవారు మదురైలో దిగి, మరో 170 కిలోమీటర్లు రైలులోనో, బస్సులోనో ప్రయాణించాలి. ఏ దారిన వెళ్ళినా చివరకు సముద్రాన్ని దాటక తప్పదు.

1914లో ప్రారంభమైన రైలు వంతెనే ఏడు దశాబ్దాలకు పైగా ఈ దీవిని ప్రధాన భూభాగంతో కలిపింది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటి పట్టణాన్నీ, అక్కడికి చేరబోతున్న పాసింజరు రైలునూ కబళించింది. దెబ్బతిన్న వంతెనను ఇంజనీరు శ్రీధరన్ 46 రోజుల్లో పునరుద్ధరించారు. ధనుష్కోటి రైలు మార్గాన్ని మాత్రం తిరిగి వేయలేదు.

1988లో రోడ్డు వంతెన వచ్చింది. దాని విలువ 2022 డిసెంబరులో మరింతగా తెలిసివచ్చింది. భద్రతా కారణాలతో పాత వంతెనపై రైళ్ళు నిలిచిపోగా, యాత్రికులు మండపంలో దిగి రోడ్డు మార్గాన్నే ఆశ్రయించవలసి వచ్చింది. రెండు సంవత్సరాలకు పైగా ఇదే స్థితి. 2025 ఏప్రిల్ 6న కొత్త రైలు వంతెన ప్రారంభమైంది. నౌకలకు దారి ఇచ్చేందుకు దీని 72.5 మీటర్ల భాగం నిలువుగా పైకి లేస్తుంది.

వృద్ధులతో, సామానుతో వెళ్ళేవారికి రైలే మేలు. తిరుపతి నుంచి నేరుగా రైలున్నది. ధనుష్కోటి చూడదలచినవారికి రోడ్డే శరణ్యం. అయితే గాలి ఉధృతి హద్దు మీరితే వంతెనపై రైళ్ళను ఆపివేస్తారు. కనుక అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య వెళ్ళేవారు తిరుగు ప్రయాణానికి ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవడం వివేకం.