పీహెచ్‌డీ సీటుతో పాటు తేల్చుకోవాల్సిన లెక్క

పీహెచ్‌డీలో చేరాలనుకునేవాళ్లు ముందు గైడు గురించి అడుగుతారు, ఆ తర్వాత టాపిక్ గురించి. నెలనెలా ఖర్చులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది చాలామందికి చేరాక గానీ తట్టదు. దరఖాస్తు పెట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి అది.

2024 జూన్ నుంచి యూజీసీ నెట్ ఫలితాలు మూడు కేటగిరీలుగా వస్తున్నాయి. మొదటి కేటగిరీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ అడ్మిషన్ మూడూ ఉంటాయి. రెండో దాంట్లో జేఆర్‌ఎఫ్ ఉండదు. మూడోది అడ్మిషన్‌కు మాత్రమే. చివరి రెండు కేటగిరీల వాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ మార్కులు ఏడాది వరకే చెల్లుతాయి.

అసలు తేడా చేరాక తెలుస్తుంది. జేఆర్‌ఎఫ్ ఉన్న స్కాలర్‌కు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000. అదే గైడు దగ్గర, అదే లైబ్రరీలో అంతే పని చేసే జేఆర్‌ఎఫ్ లేని స్కాలర్‌కు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనైతే నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. ఉస్మానియా, ఆంధ్రా లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆ పథకమే వర్తించదు. 2015లో యూజీసీ దాన్ని ఆపేస్తామంటే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి నిలబెట్టుకున్నారు. జేఆర్‌ఎఫ్ 2014లో 25,000, 2019లో 31,000, ఆపైన 37,000 అయింది. ఈ ఎనిమిది వేలు మాత్రం పదేళ్లు దాటినా పెరగలేదు. ఇది అన్యాయం. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్లలను పరిశోధనకు దూరం చేసేది ఇదే.

జేఆర్‌ఎఫ్ రాలేదని అక్కడితో ఆగిపోకూడదు. ఎస్సీ, ఓబీసీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌లకు నెట్ ఫలితాల ఆధారంగానే ఎంపిక చేస్తారు. ఎస్టీ విద్యార్థులకు గిరిజన మంత్రిత్వ శాఖ పీజీ మార్కులను బట్టి ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు.

గైడు విషయంలోనూ కొన్ని ముందే అడగాలి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించి ఉండకూడదని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు చెబుతున్నాయి. ఖాళీ లేకపోతే ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా ఆయన దగ్గర సీటు రాదు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లలోపే ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు కూడా.

ఇంకో లెక్క. కోర్సు గడువు ఆరేళ్లు, జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి వచ్చేది ఐదేళ్లే. థీసిస్ ఆరో ఏట్లోకి జారితే రాసేటప్పుడు చేతిలో డబ్బుండదు. మొదట్లోనూ కాగితాలు కదిలి తొలి ఫెలోషిప్ జమయ్యేసరికి నెలలు పట్టవచ్చు. కాబట్టి చేరబోయే డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లను కలిసి, డబ్బు నెలనెలా పడుతోందా, లేదంటే ఎన్ని నెలలకోసారి పడుతోంది అని నేరుగా అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనేమీ లేదు.