ప్రాణం దక్కింది, మరి మనిషి?

"సంచికకు ఏదైనా రాసియ్యండి సార్" అని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, లెక్కలు చెప్పుకునేవాణ్ణి నేనేం రాస్తానులే అని మొదట తప్పించుకోజూశాను. తరువాత ఆలోచిస్తే, గత రెండేళ్ళుగా మా ఇంట్లో నేర్చుకుంటున్న పాఠం ఒకటి గుర్తొచ్చింది. తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న తరువాత ఏం చేయాలన్నదే ఆ పాఠం. నేను వైద్యుణ్ణి కాను. తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నది, కళ్ళారా చూసినది మాత్రమే చెబుతాను.

మన కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయేది 40వ నంబరు రహదారి. ఈ దారుల మీద నాపరాళ్ళ లారీలు ఎన్నో, మోటారుసైకిళ్ళు అంతకు ఎన్నో రెట్లు. ఒక రాత్రి మా తమ్ముడు బండి మీద వస్తూ, వెనక దీపం లేకుండా నిలిపిన రాళ్ళ లారీని గుద్దుకున్నాడు. వాడి హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది.

2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు వాణ్ణి ఒక ఆసుపత్రికి చేర్చింది. ఆపరేషను చేశారు. పంతొమ్మిదో రోజున "ప్రాణభయం లేదు, పిల్చుకోని పోండి" అన్నారు. చీటీలో మాత్రల పేర్లు, మళ్ళీ రావలసిన తేదీ, అంతే. ఆ ఆసుపత్రి పేరెందుకు? ప్రాణం నిలిపినవారికి మేమెప్పుడూ రుణపడే ఉంటాం. కాని ఇంటికొచ్చినవాడు మా తమ్ముడేనా అన్న అనుమానం వారం తిరగకముందే మొదలైంది.

కుడిచెయ్యి పట్టు తప్పింది. చెంబు అడగబోయి చెప్పు అనేవాడు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచేవాడు. అన్నిటినీ మించి కోపం. ఒకనాడు కంచం విసిరితే కూతురి నుదుటికి తగిలింది. "గాలి సోకిందప్పా, గుడికాడ మూడు నిద్రలు చేపియ్యండి" అంది మా పెద్దమ్మ. ఆమె చదువుకోలేదు. చదువుకున్న నేనేం చేశాను? "నాటకాలాడతాండావా?" అని వాడి చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు, ఎదురు తిరగలేదు. పది నిమిషాల తరువాత నన్ను చూసి నవ్వుతూ, "అన్నా, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. ఆ మాటే ఈనాడు నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

లోపల జరిగేదేమిటి?

తరువాత ఒక ఫిజియోథెరపీ అమ్మాయి మాకు విషయం విడమరిచి చెప్పింది. మెదడు మెత్తటిది, పుర్రె గట్టిది. దెబ్బ తగిలిన చోటనే కాక, మెదడు కదిలిపోయి ఎదురుగోడకు తగిలి అవతలివైపు కూడా నలుగుతుంది. లోపలి సన్నని నరాల పోగులు సాగి తెగుతాయి. ఎడమవైపు నలిగితే కుడి చెయ్యి, కుడి కాలు, చాలామందికి మాట కూడా దెబ్బతింటాయి. నుదుటి వెనక భాగం నలిగితే కోపాన్ని ఆపే పగ్గం తెగుతుంది. అంటే మా వాడి కోపం పొగరూ కాదు, దయ్యమూ కాదు; విరిగిన కాలు కుంటడం ఎటువంటిదో అదీ అటువంటిదే.

1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు స్పృహను కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కాళ్ళూచేతుల కదలికకు 6, మొత్తం 15 మార్కులు. కనీసం 3. డిశ్చార్జి నాటికి మా తమ్ముడికి పదిహేనుకు పదిహేనూ వచ్చాయి. లెక్కల మాస్టారుగా నేను మురిసిపోయాను. కాని ఆ మార్కులు మనిషి మేలుకున్నాడా అని చెబుతాయి గాని, అంగడికి పోయి చిల్లర లెక్క చూసుకోగలడా అని చెప్పవు.

రెండో వైద్యం

ఆ చిల్లర లెక్క నేర్పేదే పునరావాస వైద్యం. కదలికకు ఫిజియోథెరపీ, స్నానం, బట్టలు, వంట వంటి నిత్యకృత్యాలకు ఆక్యుపేషనల్ థెరపీ, మాటకూ మింగుడుకూ స్పీచ్ థెరపీ, మనసుకు మానసిక నిపుణులు. మంచంలోనే ఉన్న రోగిని రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. కీళ్ళు కదిలించకపోతే బిగుసుకుపోతాయి. మింగలేని మనిషికి తొందరపడి అన్నం పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్సు మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా వస్తుంది. తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయిస్తే, బతికున్న నరాలు కొత్త దారులు వేసుకుంటాయి.

ఈ విద్యకు మన పక్కనే, వేలూరులో, గొప్ప ఉదాహరణ ఉంది. డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడక పోగొట్టుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1966లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పునరావాస కేంద్రం వెలిసింది. ఈనాటికీ కడప నుంచి మనవాళ్ళు కాట్పాడి రైలెక్కేది ఆ వైపుకే. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లోనూ నరాల పునరావాస విభాగం ఉంది.

మరి మన సీమలో?

కర్నూలు వైద్య కళాశాల 1956లోనే వచ్చింది. దాని పెద్దాసుపత్రికి కర్నూలు, కడప, అనంతపురం నుంచే కాదు, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. కడపలో వైద్య కళాశాల 2006లో మొదలైంది. ఆపరేషను వరకు దారి ఉంది. ఆ తరువాతి దారే చీకటి. "వారానికి మూడు దినాలు రమ్మంటే, కూలి పోగొట్టుకోని, చార్జీలు పెట్టుకోని ఎట్లొచ్చేది సార్?" అని ఒక తల్లి వరండాలో నన్నడిగింది. ఆమెకు నేనేం చెప్పగలను?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మెదడు దెబ్బతిని మాట పోవడం కూడా అందులో చేరింది. కాని సదరం శిబిరంలో వంకర చెయ్యి చూపించవచ్చు. మరపును ఎట్లా చూపించేది?

కాబట్టి ఈ మెట్టనేలలో పునరావాసం సగం ఇంటి చావడిలోనే జరగాలి. ఇంటివాళ్ళకు నేర్పి పంపితేనే అది సాధ్యం. ఆ అమ్మాయి మాకు అదే చేసింది. వేళ్ళకు బలం రావడానికి శెనక్కాయలు ఒలిపించమంది. రోజూ అంగడికి పంపి మూడు వస్తువులు తెప్పించమంది. జేబులో చిన్న పుస్తకం పెట్టి, జరిగిందంతా రాయించమంది. కోపం వస్తే వాదించక, శబ్దం తగ్గించి పక్కకు పిల్చుకుపొమ్మంది. సారా వాసన కూడా తగలనీయవద్దంది.

ఇప్పుడు మా తమ్ముడు పూర్తిగా బాగయ్యాడా? లేదు. పెళ్ళిళ్ళ మేళం భరించలేడు. మూడు వస్తువులు తెస్తాడు, నాలుగోది మరుస్తాడు. కాని కూతురికి జడ అల్లుతాడు, కుడిచేత్తోనే.

విద్యార్థి మిత్రులారా! హెల్మెట్ మేకుకు కాదు, తలకు. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఇటువంటి కష్టం వస్తే డిశ్చార్జి నాడు ఆసుపత్రిలో మూడు ప్రశ్నలు అడగండి: ఇంట్లో ఏం చేయించాలి? ఏం చూసి భయపడాలి? మాకెవరు నేర్పిస్తారు? జాతీయ సేవాపథకం శిబిరాలకు పోయే మీరు, ఊరికొక్క ఇంట్లోనైనా అటువంటి మనిషి దగ్గర కూర్చుని, ఆ చిన్న పుస్తకం రాయించండి.

నేను కొట్టిన దెబ్బ మా తమ్ముడికి గుర్తులేదు. నాకుంది.