లెట్ ఆఫ్ స్టీమ్: ఆవిరి యంత్రం ఇచ్చిన మాట

ఇంగ్లీషులో తరచూ వినిపించే 'లెట్ ఆఫ్ స్టీమ్' అనే క్రియాపదబంధం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. 'లెట్ ఆఫ్' అంటే బయటకు వదలడం, 'స్టీమ్' అంటే ఆవిరి. వాడుకలో మాత్రం, లోపల పేరుకున్న కోపాన్నో, చిరాకునో, పట్టలేని ఉత్సాహాన్నో బయటపెట్టి తేలికపడటం అని అర్థం. పరీక్షలు ముగిశాక పిల్లలు మైదానంలో కేకలు వేస్తూ ఆడుకుంటుంటే 'దే ఆర్ లెటింగ్ ఆఫ్ స్టీమ్' అంటారు. అమెరికాలో 'బ్లో ఆఫ్ స్టీమ్' అనడం ఎక్కువ. అర్థం ఒకటే.

మరి కోపానికీ ఆవిరికీ సంబంధం ఏమిటి? సమాధానం భౌతికశాస్త్రంలో ఉంది. సాధారణ వాతావరణ పీడనం వద్ద నీరు ఆవిరిగా మారితే దాని ఘనపరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. మూత బిగించిన పాత్రలో అంత చోటు ఉండదు కనుక పీడనం పెరుగుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపాన్ 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు ఎముకలను సైతం మెత్తగా ఉడికించే పాత్రను ప్రదర్శించాడు. అదే మన ప్రెషర్ కుక్కర్‌కు పూర్వరూపం. పాత్ర పేలిపోకుండా ఆయన దానికి సేఫ్టీ వాల్వ్‌ను రూపొందించాడు. పీడనం హద్దు దాటగానే ఆవిరి ఆ వాల్వ్‌పై ఉన్న బరువును ఎత్తి బయటపడుతుంది. మీ ఇంట్లో కుక్కర్ విజిల్ వేయడంలోనూ ఇదే సూత్రం ఉంది.

1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు నడక మొదలైంది. రైలు స్టేషన్‌లో ఆగినా బాయిలర్ కింద నిప్పు ఆరదు. ఆవిరి పుడుతూనే ఉంటుంది, దానికి పని మాత్రం ఉండదు. అప్పుడు వాల్వ్ తెరుచుకుని ఆవిరి బుస్సుమంటూ ఎగజిమ్ముతుంది. జనం రోజూ చూసిన ఈ దృశ్యమే 19వ శతాబ్దం తొలి సగంలో మనుషుల కోపతాపాలకు ఉపమానమైంది.

వాల్వ్ మూసేస్తే ఏమవుతుంది? అమెరికాలోని సౌత్ కరోలినాలో 1831 జూన్ 17న 'బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్' అనే రైలింజన్ బాయిలర్ పేలింది. ఆవిరి చప్పుడు భరించలేక ఫైర్‌మన్ వాల్వ్‌ను మూసివేశాడని చెబుతారు. అతడు ప్రాణాలు కోల్పోయాడు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించండి. ఉపమానం ఒక్కోసారి తనతో పాటు ఒక నమ్మకాన్నీ తెస్తుంది. బాయిలర్ ఆవిరిని వదిలి చల్లబడినట్టే, మనిషి అరిచి, వస్తువులు బాది కోపం తగ్గించుకుంటాడని చాలామంది నమ్ముతారు. కోపంతో ఉడికిపోయాడని మనమూ అంటాం కదా! కానీ మనసు బాయిలర్ కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బ్రాడ్ బుష్‌మన్ 2002లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించాడు. కోపం తెప్పించిన వ్యక్తిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దిన విద్యార్థుల కోపం, ఊరికే కూర్చున్నవారి కోపం కంటే ఎక్కువగా ఉంది. 2024లో 154 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు నిదానంగా ఊపిరి తీసుకోవడం, ధ్యానం వంటివి కోపాన్ని తగ్గించాయని తేలింది. జాగింగ్ ఆరోగ్యానికి మంచిదే కానీ, కోపాన్ని మాత్రం తగ్గించలేదు.

కారణం ఏమిటి? బయటకు వెళ్లిన ఆవిరి తిరిగి రాదు. కోపం అలా కాదు. జరిగినదాన్ని తలచుకున్నకొద్దీ అది కొత్తగా పుడుతుంది. అరుపులు, గుద్దులు గుండె వేగాన్ని పెంచి దానికి తోడవుతాయి. అంటే బాధను మనసులోనే దాచుకోమని కాదు. ఊపిరి నిదానించాక, నమ్మకమైనవారితో విషయం చెప్పుకోండి.

అసలు ఇంజన్‌లో కూడా వాల్వ్ ఆవిరిని వదులుతుందే తప్ప నిప్పును ఆర్పదు. ఈ పదబంధాన్ని నిస్సంకోచంగా వాడండి. కోపం వచ్చినప్పుడు మాత్రం ముందు కింద ఉన్న నిప్పును చూసుకోండి.