కొత్త ఉప్పునీటి ట్యాంకులో పగడాలు ముడుచుకుంటున్నాయా? కారణాలు, సరిదిద్దే పద్ధతులు

వ్యవసాయానికి తోడుగా రంగుల చేపల పెంపకం చేపట్టే రైతులు సాధారణంగా మంచినీటి చేపలతో మొదలుపెడతారు. కొంత అనుభవం వచ్చాక ఉప్పునీటి ట్యాంకు వైపు మనసు పోతుంది. క్లౌన్ చేపలు, వాటి పక్కన విచ్చుకున్న మెత్తటి పగడాలు చూడటానికి అందంగా ఉంటాయి, ధర కూడా ఎక్కువ. అయితే కొత్తగా పెట్టిన ట్యాంకులో మొదటి రెండు మూడు నెలల్లోనే పగడాలు ముడుచుకోవడం, రంగు పోవడం, కుళ్లిపోవడం ఎక్కువగా జరుగుతుంది. దీనికి చాలావరకు రోగం కారణం కాదు. నీరు, వేడి, వెలుతురు, తొందరపాటు – ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. గుడిమల్కాపూర్, మెహిదీపట్నం ప్రాంతంలోనూ, ఇక్కడి పూల మార్కెట్‌కు సరుకు తెచ్చే చుట్టుపక్కల గ్రామాల్లోనూ ఉప్పునీటి ట్యాంకు పెట్టినవారు, పెట్టాలనుకునేవారు ఈ కింది విషయాలు గమనించాలి.

కొనే ముందు చట్టం తెలుసుకోండి

మన దేశంలో రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైప్ పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు శిక్ష పడవచ్చు. బతికున్న పగడానికే కాదు, ఎండిన ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే రాయి చాలాసార్లు పగడపు దిబ్బ నుంచి విరిచినదే. దాని బదులు సిరామిక్ రాళ్లు వాడాలి.

‘దిగుమతి సరుకు’ అని నోటిమాటగా చెబితే నమ్మవద్దు. రాతి పగడాలన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఆ ఒప్పందం జాబితాలోని జీవులను ఉంచుకునేవారు వాటి వివరాలు నమోదు చేయించుకోవాలి. బిల్లు, దిగుమతి పత్రాలు చూపలేని వ్యాపారి దగ్గర ఏ పగడమూ కొనకూడదు. సందేహం ఉంటే ముందు అటవీ శాఖ అధికారులను అడగాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులు పుట్టగొడుగు పగడం, జోయాంథస్, లెదర్ పగడం వంటి మెత్తటి రకాలకు ఉద్దేశించినవి. వీటికి కూడా బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి.

పగడం ఎలా బతుకుతుంది

పగడం మొక్కలా కనిపించినా జంతువే. దాని కండలో కంటికి కనిపించని నాచు కణాలు ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి ఇస్తాయి, పగడం వాటికి చోటు, పోషకాలు ఇస్తుంది. పప్పుజాతి పంట వేళ్లలో రైజోబియం ఉన్నట్టే అనుకోవచ్చు. నీరు వేడెక్కినా, వెలుతురు ఒక్కసారిగా పెరిగినా పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు తెల్లబడుతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో లక్షద్వీప్ సముద్రంలో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడింది నీరు వేడెక్కడం వల్లనే. తెల్లబడిన పగడం వెంటనే చనిపోదు. పరిస్థితి త్వరగా సరిచేస్తే మళ్లీ కోలుకునే అవకాశం ఉంటుంది.

ముందుగా కంగారు పడనవసరం లేనివి

* ట్యాంకులో పెట్టిన మొదటి 3 నుంచి 7 రోజులు పగడం ముడుచుకుని ఉండటం మామూలే.
* రాత్రి లైటు ఆర్పాక చాలా రకాలు ముడుచుకుంటాయి.
* లెదర్ పగడం అప్పుడప్పుడు కొన్ని రోజులు మూసుకుని, పైన మైనంలాంటి పొర వదిలి మళ్లీ విచ్చుకుంటుంది.
* మొదటి వారాల్లో ఇసుక మీద గోధుమరంగు పొడిలాంటి నాచు వస్తుంది, దానంతటదే తగ్గుతుంది.

ఈ లక్షణాలకు మందు వేయకూడదు. వారం దాటినా విచ్చుకోకపోయినా, కండ ఊడిపోతున్నా, చెడు వాసన వస్తున్నా అప్పుడు కింది వరుసలో పరీక్షించాలి.

1. ఉష్ణోగ్రత

నీరు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. హైదరాబాద్‌లో మే నెలలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో, కిటికీ పక్కన పెట్టిన ట్యాంకు సులభంగా 30 డిగ్రీలు దాటిపోతుంది. థర్మామీటరును ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి చూడాలి. ఉదయం మాత్రమే చూస్తే అసలు సమస్య కనబడదు.

నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే 2–3 డిగ్రీలు తగ్గుతుంది. అత్యవసరమైతే మూత గట్టిగా బిగించిన ఐసు సీసాను నీటిలో తేలేయాలి. ఐసు ముక్కలు నేరుగా వేయకూడదు. వేడిని నెమ్మదిగా తగ్గించాలి, ఒక్కసారిగా చల్లబరిస్తే అదే దెబ్బ అవుతుంది. వేసవిలో చిల్లరు ఖర్చు భరించలేనివారు పగడాలు పెట్టకపోవడమే మంచిది.

2. ఉప్పు సాంద్రత

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దీన్ని 35 పీపీటీ అంటారు. ఈసీ లెక్కలో చెప్పాలంటే ఇది 53 డెసీసైమన్లకు దగ్గరగా ఉంటుంది. పొలంలో ఈసీ 4 దాటితేనే చౌడు నేల అంటాం కాబట్టి, నేల పరీక్షకు వాడే మామూలు ఈసీ మీటరు ఇక్కడ పనికిరాకపోవచ్చు. రిఫ్రాక్టోమీటర్ కొనాలి. దాన్ని 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి.

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు ఆవిరైన నీటి స్థానంలో ఉప్పునీరు పోయడం. నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. ఉదాహరణకు 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 4 లీటర్లు ఆవిరైతే, ఏమీ పోయకుండా వదిలేసిన 5 రోజుల్లో 35 పీపీటీ కాస్తా దాదాపు 39 అవుతుంది. ఆ లోటును ఉప్పునీటితో భర్తీ చేసినా ఉప్పు పెరుగుతూనే పోతుంది. తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్వో నీటినే రోజూ కొద్దికొద్దిగా పోయాలి. ఫ్యాను తిప్పే రోజుల్లో ఆవిరి ఇంకా ఎక్కువ.

వంట ఉప్పు, రాళ్ల ఉప్పు, పశువులకు పెట్టే ఉప్పు వాడకూడదు. కాల్షియం, మెగ్నీషియం సహా అన్ని లవణాలు సరైన పాళ్లలో ఉన్న మెరైన్ సాల్ట్ మాత్రమే వాడాలి.

3. అమ్మోనియా, నైట్రైట్

పొలంలో వేసిన యూరియా ముందు అమ్మోనియా రూపంలోకి, తర్వాత నైట్రైట్, నైట్రేట్ రూపాల్లోకి మారుతుందని రైతులకు తెలిసిందే. ఆ పని నేలలోని బ్యాక్టీరియా చేస్తుంది. ట్యాంకులోనూ అంతే. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టరులో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతకుముందే పగడాలు పెడితే అవి విషంలో పెట్టినట్టే.

టెస్ట్ కిట్‌తో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అమ్మోనియా కనిపిస్తే మేత ఆపాలి, చనిపోయిన చేప లేదా నత్త ఉందేమో వెతికి తీసేయాలి, 25 శాతం నీరు మార్చాలి. పీహెచ్, వేడి ఎక్కువైన కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.0 నుంచి 8.4 వరకు ఉంటుంది కాబట్టి మంచినీటి ట్యాంకు కంటే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త అవసరం.

4. పోసే నీరు

బోరు నీటిలో గట్టిదనం, నైట్రేట్లు ఉంటాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. రెండూ నేరుగా పనికిరావు. ఇంట్లో తాగే ఆర్వో యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం మామూలు నీటిని కొంత కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ నీటి టీడీఎస్ 50 పైన కూడా ఉండవచ్చు. పగడాలకు టీడీఎస్ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఆర్వో తర్వాత డీఐ ఫిల్టరు పెట్టుకోవాలి.

5. క్షారత, పోషకాలు

* ఆల్కలినిటీ: 8–9 డీకేహెచ్
* కాల్షియం: లీటరుకు 400–450 మిల్లీగ్రాములు
* మెగ్నీషియం: లీటరుకు 1250–1350 మిల్లీగ్రాములు
* నైట్రేట్: లీటరుకు 2–10 మిల్లీగ్రాములు
* ఫాస్ఫేట్: లీటరుకు 0.03–0.1 మిల్లీగ్రాములు

ఆల్కలినిటీ తగ్గితే రోజుకు 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకూడదు. అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా నిలకడగా ఉంటే పగడం తట్టుకుంటుంది, రోజుకో రకంగా మారితే తట్టుకోదు. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైతే పచ్చ నాచు పెరిగి పగడం గోధుమరంగుకు తిరుగుతుంది. పూర్తిగా సున్నా అయితే పగడం పాలిపోతుంది. ఎరువు లేని పైరు పసుపు పచ్చబడినట్టే ఇదీ.

6. వెలుతురు, నీటి కదలిక

షేడ్‌నెట్ కింద పెంచిన నారును ఒక్కసారిగా ఎండలో నాటితే వాడిపోతుంది. పగడానికీ అంతే. కొత్త పగడాన్ని ముందు ట్యాంకు అడుగున పెట్టి, రెండు వారాల్లో క్రమంగా పైకి జరపాలి. లైటు రోజుకు 8–10 గంటలు చాలు, టైమర్ పెట్టుకోవాలి. నేరుగా ఎండ తగిలే చోట ట్యాంకు పెట్టకూడదు.

పంపు నీటి ధార సూటిగా పగడానికి తగిలితే ఆ వైపు కండ చిరిగిపోతుంది. అసలు కదలిక లేకపోతే మురికి పేరుకుంటుంది. పగడం కొసలు మెల్లగా ఊగేంత కదలిక సరిపోతుంది.

7. పొలం మందులు, రాగి

రైతు ఇంట్లో ట్యాంకుకు ఇది ప్రత్యేకమైన ప్రమాదం. బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో ఉండే రాగి అతి తక్కువ మోతాదులో కూడా పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. చేపల తెల్లమచ్చ రోగానికి అమ్మే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. అవి పగడాలున్న ట్యాంకులో వేయకూడదు. జబ్బు చేసిన చేపను వేరే తొట్టెలోకి మార్చి చికిత్స చేయాలి.

మందు కలిపిన బకెట్, డ్రమ్ము, మగ్గు కడిగినా సరే ట్యాంకుకు వాడవద్దు. పిచికారీ చేసి వచ్చిన చేతులతో నీటిలో చెయ్యి పెట్టవద్దు. ట్యాంకు ఉన్న గదిలో దోమల మందు యంత్రం పెట్టకూడదు, పురుగుమందు స్ప్రే కొట్టకూడదు. విషం పడిందని అనుమానం వస్తే 25 శాతం నీరు మార్చి, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాలి.

లక్షణం చూసి కారణం గుర్తించడం

* అన్ని పగడాలూ ఒకేసారి మూసుకుంటే: నీటిలో సమస్య. ఉష్ణోగ్రత, ఉప్పు, అమ్మోనియా, విషం చూడాలి.
* ఒక్కటి మాత్రమే మూసుకుంటే: ఆ చోటు సమస్య. వెలుతురు, ధార, పక్క పగడం తాకడం, చేప కొరకడం చూడాలి.
* పైభాగం తెల్లబడితే: వెలుతురు లేదా వేడి ఎక్కువ.
* పొడవుగా సాగి లైటు వైపు చాస్తే: వెలుతురు తక్కువ.
* కండ ఊడి చెడు వాసన వస్తే: అది కుళ్లు. ఆ పగడాన్ని వెంటనే తీసేయాలి, లేకుంటే మిగతావాటికి ముప్పు.

సరిదిద్దే వరుస

1. ఒక రోజు ఒక మార్పు మాత్రమే చేయాలి. నాలుగు మందులు ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.
2. వారానికి 10 శాతం నీరు మార్చాలి. కొత్త ఉప్పునీటిని ముందురోజే కలిపి, పంపుతో 24 గంటలు తిప్పి, వేడి, ఉప్పు ట్యాంకుతో సమానం చేశాకే పోయాలి.
3. పగడాన్ని చీటికిమాటికి చేత్తో తీసి చూడకూడదు.
4. తేదీ, ఉష్ణోగ్రత, ఉప్పు, టెస్ట్ ఫలితాలు నోటు పుస్తకంలో రాసుకోవాలి.
5. కరెంటు పోతే ముందుగా కావలసింది గాలి. బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచుకోవాలి.

జాగ్రత్తలు

జోయాంథస్, పాలిథోవా రకాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయవద్దు. అవి పట్టిన రాయిని ఎట్టి పరిస్థితిలోనూ ఉడకబెట్టవద్దు, ఆ ఆవిరి పీలిస్తే ప్రాణాపాయం. పిల్లలను దూరంగా ఉంచాలి.

మార్చిన నీటిని పెరట్లో, పూల మడుల్లో, ఎరువు గుంతలో పోయవద్దు. 20 లీటర్ల నీటిలో సుమారు 700 గ్రాముల ఉప్పు ఉంటుంది. వారం వారం పోస్తే ఆ నేల చౌడుబారుతుంది. మురుగు కాలువలోకి పంపాలి. చేపలను, పగడాలను చెరువులో వదలకూడదు.

ఆదాయం కోసం అయితే

సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాద్‌లో పగడాలతో ఆదాయం ఆశించడం చిన్న రైతుకు తగదు. ఖర్చు ఎక్కువ, చట్టపరమైన చిక్కులు ఉన్నాయి, ఒక్క వేసవి కరెంటు కోతతో మొత్తం పోవచ్చు. మంచినీటి రంగుల చేపలతో మొదలుపెట్టి, నీటి పరీక్షలు చేయడం అలవాటయ్యాక, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల వైపు వెళ్లడం మేలు. క్లౌన్ చేపలను హేచరీల్లో పుట్టించి పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుల చేపల యూనిట్లకు చోటు కల్పించారు. నిబంధనల ప్రకారం యూనిట్ విలువలో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సాయం ఉంటుంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్య శాఖ కార్యాలయంలో కనుక్కుని, మంజూరు వచ్చాకే ఖర్చు పెట్టాలి. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 235వ పిల్లరు దగ్గర, చేప ఆకారంలో ఉన్న భవనంలో ఉంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వచ్చే రైతులు తిరుగు ప్రయాణంలో అక్కడ వివరాలు తెలుసుకోవచ్చు. సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.