కొండ నెత్తిన బాక్సైట్

తూర్పు కనుమల్లో బాక్సైట్ భూమి లోతుల్లో ఉండదు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఎత్తున, కొండ నెత్తిమీద పొరలా పరుచుకుని ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జెర్రెల, గాలికొండ, రక్తకొండ అలాంటివే. సొరంగాలు అక్కర్లేదు, పైమట్టి తీస్తే చాలు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ పొర వాన నీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. ఆ నీరు అడుగునున్న బంకమట్టిని తాకి, కొండ పక్కల నుంచి ఊటలుగా బయటికొస్తుంది. అవే గెడ్డలై ఎండాకాలంలోనూ పారతాయి. చాలా గూడేల్లో ఊట దగ్గర చిన్న తొట్టె కట్టి, పైపు వేసి, మోటారు లేకుండానే ఊళ్లోకి నీళ్లు దింపుకుంటారు. దిగువన మెట్ల పొలాల్లో వరి, వాలులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. పరిహారం లెక్క సాధారణంగా తవ్వే నేలకే కడతారు. గెడ్డ ఎండితే నష్టపోయే దిగువ ఊళ్లు ఆ లెక్కకు అందవు.

రవాణా కూడా భారమే. ఒడిశాలోని పంచపట్మలిలో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో దాదాపు 14 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టుతో ఖనిజాన్ని దామన్‌జోడి రిఫైనరీకి దించుతోంది. శుద్ధి చేశాక మిగిలే క్షారపు ఎర్రబురదను ఏళ్ల తరబడి కాపలా కాయాలి.

చట్టం గిరిజనుల పక్షానే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు దక్కకూడదని 1/70 చట్టం చెబుతోంది. ప్రైవేటు కంపెనీలకిచ్చే గనుల లీజులకూ అది వర్తిస్తుందని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో తవ్వకం ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకు, శుద్ధి ప్రైవేటు కంపెనీలకు అనే దారి వెతికారు. మాకవరపాలెంలో రిఫైనరీ కట్టారు. 2015లో జెర్రెలలో 1,212 హెక్టార్ల అడవిని తవ్వకానికి కేటాయిస్తూ జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది. 2019లో ఆ జీవో రద్దయింది. ఖనిజం అందక ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది.

ఒడిశాలోని నియమగిరిలోనూ ఇదే వరస. లాంజిగఢ్‌లో రిఫైనరీ ముందు లేచింది. జనాన్ని అడగడం 2013లో, అదీ సుప్రీంకోర్టు ఆదేశించాకే జరిగింది. 12 గ్రామసభలూ వద్దన్నాయి. రెండుచోట్లా వేల కోట్లు పోసి ఫ్యాక్టరీ కట్టేశాక అనుమతుల కోసం తిరిగారు. గ్రామసభ మొదటి మెట్టు కావాలి. అక్కడ కాదంటే ఫ్యాక్టరీకి పునాదిరాయే పడకూడదు.