తాబేలును తూకం వేసిన తోట

ఇంగ్లండులో ఒక పల్లె. ఇల్లు, తోట, పిట్టలు, ఎవరి మాటా వినని ఒక తాబేలు. ఇరవై అయిదేళ్ళపాటు వీటన్నిటి లెక్కా రాసిపెట్టిన ఒక మనిషి.

"ఊరి చివర చిన్న ఇల్లు, చుట్టూ తోట, గుమ్మంలో కుక్క, కొమ్మ మీద పిట్ట. చదివినవాళ్ళకి ఆదివారం పూట ఇంకో కప్పు కాఫీ తాగాలనిపించాలి. గురువారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్ళిపోవాలి." సంపాదకుడి ఆజ్ఞ ఇది.

ఈ రకం కథనాలంటే నాకు మొదటినుంచీ అనుమానమే. చేవెళ్ళ, శంకర్‌పల్లి రోడ్ల మీద వెలిసిన ఫామ్‌హౌసుల ఫొటోలు చూడండి. ఉయ్యాల ఉంటుంది, ఊగేవాళ్ళుండరు. పచ్చిక నిగనిగలాడుతుంటుంది, దానికి నీళ్ళు పెట్టే మనిషి మాత్రం ఫొటోలో కనబడడు. శనివారం రాత్రి వెళ్ళి ఆదివారం భోజనాలయ్యాక తిరుగుముఖం పట్టేవాళ్ళకి ఆ మామిడిచెట్టు మీద ఏ పిట్ట గూడు కట్టిందో ఎలా తెలుస్తుంది? అందుకని అక్కడే పుట్టి, అక్కడే ఉండి, రోజూ చూసి, చూసింది రాసుకున్నవాళ్ళ కోసం వెదికాను. వెదుకులాట హాంప్‌షైర్ జిల్లాలో సెల్‌బోర్న్ అనే పల్లెలో, 'ది వేక్స్' అనే ఇంటి దగ్గర ఆగింది.

ఇంటాయన పేరు గిల్బర్ట్ వైట్. చరిత్ర ఒక్క గుక్కలో కానిచ్చేద్దాం. 1720లో అదే ఊళ్ళో తాతగారింట పుట్టాడు. ఆ తాతగారు ఊరి చర్చికి గురువు. ఆక్స్‌ఫర్డ్‌లో ఓరియల్ కాలేజీలో చదివి, అక్కడే ఫెలో అయ్యాడు. సెల్‌బోర్న్ గురువు పదవి ఇచ్చే హక్కు మరో కాలేజీది కాబట్టి అది ఈయనకి దక్కలేదు. సహాయ గురువుగానే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. చిన్నాన్న పోయాక 1763లో ఇల్లు ఈయన సొంతమైంది. థామస్ పెనెంట్, డేన్స్ బారింగ్టన్ అనే ఇద్దరికి రాసిన ఉత్తరాలను కూర్చిన సెల్‌బోర్న్ ప్రకృతి చరిత్ర 1788 చివర్లో, 1789 తేదీతో, లండన్‌లో సొంత సోదరుడి ప్రచురణశాల నుంచి వెలువడింది. 1793 జూన్ 26న ఆ ఇంట్లోనే పోయాడు. ఇప్పుడది మ్యూజియం. ఇంతే.

ఆ పుస్తకానికి పేరెక్కువ. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం పుస్తకం కాదు, దానికి ముడిసరుకైన దినచర్య.

గళ్ళు కొట్టిన కాగితం

1751లో మొదలుపెట్టింది తోట లెక్క. ఏ మడిలో ఏ విత్తనం వేశాడు, ఏది మొలిచింది, ఏది మొలవలేదు, అంతే. చలిదేశంలో కర్బూజా, దోస పండించాలన్నది ఈయన పట్టుదల. పచ్చి గుర్రపు లద్దె బళ్ళకొద్దీ తోలించి, అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడి మీద మట్టి పరిచి, పైన గాజు పలకలు మూసి విత్తనం పెట్టేవాడు. వేడి ఎక్కువైతే మొక్క మాడిపోతుంది, తగ్గితే ముడుచుకుపోతుంది. ఆ లద్దె వేడి గురించి ఆయన పడ్డ ఆదుర్దా చదువుతుంటే, పెళ్ళీడు పిల్లలున్న తండ్రులు కూడా ఇంత సతమతమవుతారా అనిపించింది. పండిన ఏడాది మిత్రులను కొండమీది గడ్డికప్పు కుటీరానికి పిలిచి కర్బూజా విందు చేశాడు.

1768 నుంచి దినచర్య రూపం మారింది. బారింగ్టన్ వృత్తికి న్యాయవాది. అన్నీ పట్టికలో పెట్టాలన్న తహతహ ఉన్నవాడు. ప్రకృతిని గమనించేవాళ్ళ కోసం గళ్ళు కొట్టిన ఫారం ఒకటి తయారుచేసి అచ్చువేయించాడు. పేజీకి ఒక వారం. థర్మామీటరు, బారోమీటరు, గాలి దిక్కు, వాన అంగుళాలు, మొదట చిగిర్చిన చెట్లు, మొదట పూసిన మొక్కలు, వచ్చిన పిట్టలు, వెళ్ళిపోయిన పిట్టలు, పురుగులు, చేపలు. ఒక్కోదానికి ఒక్కో గడి. చివర్న 'ఇతరాలు' అనే గడి.

వైట్ ఆ ఫారాలను చనిపోయే నెల దాకా నింపాడు. రాతప్రతులు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, అచ్చు ప్రతులూ దొరుకుతాయి. చదివేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి: అంకెల గళ్ళు దాటేసి 'ఇతరాలు' గడికి వెళ్ళండి. జీవితమంతా అక్కడే ఉంది. దోసకాయలు కోశారు. కోకిల కూసింది. పక్కవాళ్ళ ఎండుగడ్డి వానకు తడిసింది. తోడబుట్టినవాళ్ళ ఇళ్ళలో మళ్ళీ ఎవరికో బిడ్డ పుట్టింది. ఆయన లెక్కలో ఆ పిల్లల సంఖ్య అరవై దాటింది. వీటన్నిటి మధ్య, ఏ హడావుడీ లేకుండా: తిమోతి బయటికొచ్చింది. తిమోతి ఆకుకూర తింటోంది. తిమోతి మట్టిలోకి దిగింది.

తిమోతి

తిమోతి ఒక తాబేలు. మధ్యధరా సముద్రం వైపు మెట్టనేలల జాతి. ససెక్స్‌లో రింగ్మర్ అనే ఊళ్ళో, వైట్ మేనత్త రెబెకా స్నూక్ గారి పెరట్లో నలభై ఏళ్ళు పెరిగింది. ఆ పెద్దావిడ మేత పెట్టే మనిషి. ఆవిడ కనబడితే చాలు, తాబేలు కుంటుకుంటూ ఎదురెళ్ళేదట. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా కదిలేది కాదట. మేనత్తను చూడడానికి వెళ్ళినప్పుడల్లా వైట్ తాబేలు సంగతి కూడా రాసుకొచ్చేవాడు.

1780 మార్చిలో మేనత్త పోయింది. తాబేలు అప్పటికి శీతనిద్రలో ఉంది. వైట్ దాన్ని తవ్వి తీసి, మట్టి నింపిన పెట్టెలో పెట్టి, 80 మైళ్ళు బండిలో తీసుకొచ్చాడు. ఆ కుదుపులకు మెలకువ వచ్చేసింది. సెల్‌బోర్న్ తోటలో వదిలితే రెండుసార్లు ఆ చివరిదాకా నడిచి, సాయంత్రం చలి తగలగానే మళ్ళీ మట్టిలో దూరి పడుకుంది.

అక్కడినుంచి పదమూడేళ్ళు. ఏటా తాబేలును పట్టుకెళ్ళి ఊరి దుకాణంలో తక్కెడకెక్కించేవాడు. మూడు కిలోలకు అటూ ఇటూ. నిద్రకు ముందు ఎంత, లేచాక ఎంత అన్నది ఆయనకు కావాలి. దానికి వినబడుతుందా లేదా అని అనుమానమొచ్చి, ఓడల వాళ్ళు వాడే గొట్టం నోటికి పెట్టుకుని గట్టిగా పిలిచాడు. తాబేలు పట్టించుకోలేదు. తేనెటీగల దగ్గరా ఇదే పని చేశాడు, అవీ పట్టించుకోలేదు. చర్చి గురువుగారు పెరట్లో నిలబడి గొట్టంలోంచి తాబేలును పిలుస్తుంటే దారినపోయేవాళ్ళు ఏమనుకున్నారో ఏ గడిలోనూ లేదు. ఈదగలదేమో చూద్దామని ఒకసారి తొట్టి నీళ్ళలో వేశాడు. అది మెల్లగా అడుక్కి చేరి, అక్కడే దిక్కుతోచక నడవడం మొదలెట్టింది. తీసేశాడు.

బండిచక్రం ఎక్కినా పగలనంత గట్టి డిప్ప ఉన్నా, చినుకంటే తిమోతికి హడలు. నాలుగు చుక్కలు పడగానే కొత్తచీర కట్టుకున్నావిడలా ఓ మూలకు చేరేది. శరదృతువులో ఎండ పలచబడ్డప్పుడు గోడకు ఆనుకుని డిప్పను ఏటవాలుగా నిలబెట్టేది, ఒంటిమీద ఎండ నిండుగా పడేలా. నవంబరు నడుమ మట్టిలోకి వెళ్ళడం, ఏప్రిల్ నడుమ బయటికి రావడం.

జూన్ మొదట్లో మాత్రం దానికి ఒకచోట కాలు నిలిచేది కాదు. తెల్లవారుజామున అయిదింటికే లేచి, కాళ్ళ వేళ్ళ మీద నిక్కి, కంచె పొడుగునా సందుల కోసం వెదికేది. 1784లో గేటు సందులోంచి బయటపడింది. వారం పైగా కనబడలేదు. ఇంటిల్లిపాదీ వెదికితే చివరికి దగ్గర్లోని చిక్కుడు చేలో దొరికింది. పారిపోయిన మగవాడు తోడు కోసం తిరుగుతున్నాడని వైట్ సరదాగా ఊహించాడు. ఆ ఏడాదే తిమోతి చేత తన మిత్రుడి కూతురికి ఒక ఉత్తరం కూడా 'రాయించాడు': ఎక్కడ పుట్టాను, ఎలా అమ్ముడుపోయాను, ఈ ఇంటాయన నన్నెలా తూకం వేసి వేధిస్తున్నాడు అంటూ. తిమోతి వైట్ కంటే ఒక ఏడాది ఎక్కువ బతికి 1794 వసంతంలో పోయింది. డిప్ప లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. తరువాతివాళ్ళు పరీక్షిస్తే తేలింది, తిమోతి ఆడది.

జీవితమంతా కళ్ళెదుట తిరిగిన జంతువు ఆడో మగో పోల్చుకోలేకపోయిన మనిషి, ఒకే తీరుగా కనిపించే మూడు చిన్న ఆకుపచ్చ పిట్టలు వేరు వేరు జాతులని వాటి పాట విని చెప్పాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈయన నాకు నచ్చుతాడు. తీర్మానాలు తప్పొచ్చు, గడి మాత్రం ఖాళీగా వదలడు.

తక్కెడలో ఎలుకలు

ప్రతిదానికీ కొలత ఉండాలి. గోధుమ చేలలో ఉండే బుల్లి ఎలుకను శాస్త్రానికి పరిచయం చేసినవాళ్ళలో ఈయన ఒకడు. రెండింటిని తక్కెడలో వేస్తే ఒక రాగి అర్ధపెన్నీకి సరిగ్గా తూగాయి. వాటి గూడు గోధుమ ఆకులతో అల్లిన క్రికెట్ బంతంత గుండ్రటి ముద్ద. బల్ల మీద దొర్లించినా చెదరలేదు, లోపల కళ్ళు తెరవని పిల్లలు ఎనిమిది ఉన్నా సరే. ఒక మిత్రుడు శ్రుతి చూసుకునే ఈల పట్టుకుని గుడ్లగూబలు ఏ శ్రుతిలో కూస్తాయో చూశాడు. వైట్ అదీ రాసుకున్నాడు.

ఇంకో మిత్రుడి ఇంటికి ఎవరో తెచ్చిన పసి కుందేలు పిల్లకు పనివాళ్ళు చెంచాతో పాలు పట్టేవారు. ఆ రోజుల్లోనే ఇంటి పిల్లి ఈనితే కూనలను పారేశారు. కుందేలు మాయమైంది. ఏ కుక్కో పిల్లో చంపేసిందనుకున్నారు. రెండు వారాలయ్యాక ఒక సాయంత్రం ఇంటాయన తోటలో కూర్చుని ఉండగా పిల్లి తోక నిలబెట్టుకుని, కూనలను పిలిచే గొంతుతో పిలుస్తూ వచ్చింది. వెనకాల గెంతుతూ వచ్చింది ఆ కుందేలే. పాలు చేపుకొచ్చి, బిడ్డలు లేని బాధలో దాన్ని చేరదీసి ఉంటుందని వైట్ లెక్క. కథ చెప్పి ఊరుకోడు, కారణం కూడా అడుగుతాడు.

1783 వేసవి పేజీలు మాత్రం వేరే రంగు. జూన్ 23 నుంచి జులై 20 దాకా వింత పొగమంచు. మధ్యాహ్నం సూర్యుడు వెలవెలబోయి, నేల మీద తుప్పురంగు వెలుగు పరిచాడు. కోసిన మాంసం మర్నాటికి నిలవలేదు. ఈగలు గుర్రాలను పిచ్చెక్కించాయి. జనం భయపడ్డారు. ఆ జూన్ 8న ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతం పగిలిందన్న కబురు ఆయనకు తెలియదు. తెలియకుండానే తేదీలతో సహా రాసిపెట్టాడు.

ఫొటోలో లేని మనిషి

నా మొదటి అనుమానం ఇక్కడా వదల్లేదు. లద్దె ఎవరు మోశారు? థామస్ హోర్. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో చేశాడు. తోటమాలి, ఇంటి పనివాడు, యజమాని ఊరెళితే దినచర్య నింపే రాయసగాడు కూడా. కలుపు తీయడానికి కూలికి వచ్చిన ఆడమనిషిని గురించి వైట్ ఉత్తరంలో రాసిన హాస్యం ఈ రోజు చదివితే అంత బాగుండదు. అయినా ఆ పేర్లు కాగితం మీదకెక్కాయి. శంకర్‌పల్లి ఫొటోల కంటే ఆ మేరకు నయం.

వానకోవిలల సంగతిలో మాత్రం ఆయన మొండితనం విసుగు పుట్టిస్తుంది. చలికాలంలో అవి ఎక్కడికీ వెళ్ళవు, కొన్నయినా పొదల్లో, బొరియల్లో నిద్రపోతాయన్న నమ్మకం చివరిదాకా వదల్లేదు. జిబ్రాల్టర్‌లో పనిచేసిన సొంత సోదరుడు జాన్, అవి సముద్రం దాటడం కళ్ళారా చూశానని రాసినా సరే. 1781లో కూలీలను పెట్టి కొండవాలు పొదలన్నీ గాలించాడు. ఒక్కటీ దొరకలేదు. అవి దక్షిణాఫ్రికా దాకా వెళ్తాయని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. దొరకలేదన్న సంగతి కూడా ఆయన దాచుకోలేదు.

పెట్టె: మూడు షిల్లింగులకు 800 గంటలు

పేదింటి దీపం ఖర్చు కూడా వైట్ లెక్కగట్టాడు. నీటిఒడ్డున తుంగలా పెరిగే ఒక గడ్డి పైతోలు ఒలిచి, లోపలి బెండును ఎండబెట్టి, పందికొవ్వులో ముంచితే వత్తి. ఎండు వత్తులు పౌనుకు 1,600 పైచిలుకు తూగాయి. వాటికి ఆరు పౌన్ల కొవ్వు పడుతుంది. వత్తులకు ఒక షిల్లింగు, కొవ్వుకు రెండు. సగటున వత్తి అరగంట వెలిగినా 800 గంటలు. 2 అడుగుల 4½ అంగుళాల వత్తి ఒకటి 57 నిమిషాలు వెలిగిందని గడియారం పెట్టుకుని చూశాడు. అసలు పేదలు ఈ వత్తులు వాడకుండా కొవ్వొత్తులు కొంటారని ఆయన ఫిర్యాదు. 

పెట్టె: తాబేలు తెచ్చుకుందామనుకుంటున్నారా?

వద్దు. రాయలసీమ, కర్ణాటక సరిహద్దు మెట్టల్లో ముళ్ళపొదల మధ్య కనిపించే నక్షత్ర తాబేలు డిప్ప మీది పసుపు గీతల కోసం దొంగరవాణాకు బలైపోతోంది. 2019లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన మొదటి జాబితాలోకి చేర్చారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరమంటుంది. వాస్తు కోసమని దుకాణదారు ఎంత నచ్చజెప్పినా సరే. మీ తోటలోకి దానంతటదే వస్తే దారివ్వండి. గాయపడి ఉంటే అటవీ శాఖకు కబురు పెట్టండి. "మేం పట్టుకోలేదు, డబ్బిచ్చి కొన్నాం" అన్న సాకు పనిచేయదు. కొనడం కూడా నేరమే.